కుడిచెయ్యి ఎవరి పోలిక?

మా అక్క కూతుళ్ళిద్దరూ కవలలు. ఒకే అండం రెండుగా చీలి పుట్టినవాళ్ళు కాబట్టి అచ్చుగుద్దినట్టు ఉంటారు. ఫోటోల్లో ఎవరు ఎవరో నేను ఇప్పటికీ తప్పు చెప్పి చీవాట్లు తింటుంటాను. మొన్న ఇద్దరూ బల్ల దగ్గర పక్కపక్కన కూర్చుని బొమ్మలు వేసుకుంటున్నారు. నిమిషానికోసారి "అమ్మా, ఇది పొడుస్తోంది" అని ఒకత్తి, "నేను కాదు, అదే" అని ఇంకొకత్తి. దగ్గరికెళ్ళి చూస్తే సంగతి తెలిసింది. కుడివైపు కూర్చున్న చిన్నది ఎడమచేత్తో గీస్తోంది. ఎడమవైపు కూర్చున్న పెద్దది కుడిచేత్తో. రెండు మోచేతులూ మధ్యలో ఢీకొంటున్నాయి. ఇద్దర్నీ లేపి అటు దాన్ని ఇటు, ఇటు దాన్ని అటు కూర్చోబెట్టాను. గొడవ సద్దుమణిగింది.

ఇదంతా చూస్తున్న పిన్ని అక్కని అడిగింది. "చిన్నదానికి ఈ పుర్రచేతివాటం ఎవరి పోలికే?"

"మా వైపు ఎవరూ లేరు. వాళ్ళ వైపే ఉండుండాలి" అంది అక్క.

బావ ఊరుకుంటాడా? "మా వైపు అసలే లేరండీ. మొదట్లో పెన్సిలు ఏ చేతికి అందించారో అది అలవాటైపోయి ఉంటుంది."

అంటే వెతకాల్సిన చోట్లు రెండే: రక్తం, లేకపోతే పెంపకం. మూడో చోటు ఒకటి ఉండొచ్చని ఆ గదిలో ఎవరికీ తట్టలేదు. వాళ్ళని అనడానికేముంది, కొన్నేళ్ళ కిందటి దాకా నాకూ తట్టలేదు. పిండంలో మెదడు ఎలా తయారవుతుందో చదవడం మొదలుపెట్టాకే ఈ రెండు గదుల ఇల్లు నాకు ఇరుకుగా అనిపించడం మొదలైంది. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. 'పుట్టుకా, పెంపకమా' అన్నది సగం ప్రశ్న. మెదడు తనని తాను కట్టుకునే పనిలోనే, అటు జన్యువులు రాసిపెట్టనివీ ఇటు లోకం నేర్పనివీ అయిన తేడాలు పుట్టుకొస్తాయి. అవి చిల్లర తేడాలు కావు.

కడుపులో బొటనవేలు

ముందు బావ వాదం సంగతి చూద్దాం. బెల్‌ఫాస్ట్‌లో పీటర్ హెప్పర్ అనే ఆయన గర్భిణుల స్కానింగుల్లో పిండాలు ఏ బొటనవేలు చీకుతున్నాయో గమనించాడు. పదిహేను వారాల వయసుకే ఎక్కువ పిండాలు కుడి వేలు వైపు మొగ్గు చూపిస్తున్నాయి. తర్వాత ఆ పిల్లల్లో 75 మందిని పదీ పన్నెండేళ్ళ వయసులో మళ్ళీ కలిసి, 2005లో ఫలితాలు అచ్చు వేశాడు. కడుపులో కుడి వేలు చీకిన 60 మందీ కుడిచేతివాటం వాళ్ళే అయ్యారు. ఎడమ వేలు చీకిన 15 మందిలో 10 మంది పుర్రచేతివాటం, మిగిలిన అయిదుగురూ కుడి.

పదిహేను వారాల పిండానికి పెన్సిలు ఏ చేతికి అందించారని ఎవర్ని అడుగుతాం? ఆ అయిదుగురి సంగతి పక్కన పెడితే (పక్కన పెట్టడం నాకు ఇష్టం లేదు, కానీ ప్రస్తుతానికి), బావ వాదం నా మటుకు నాకు అక్కడితో వీగిపోయింది.

మరి అక్క వాదం? జన్యువులే అయితే ఈ ఇద్దరికీ ఒకే వాటం ఉండాలి. ఇలాంటి కవలల్లో అయిదు జంటలకి ఒకటి చొప్పున చెరో వాటంతో ఉంటాయి. ఇది అరుదైన వింతేమీ కాదు. వేలాది కుటుంబాల లెక్కలు తీసి 2009లో వేసిన అంచనా ప్రకారం చేతివాటంలో మనిషికీ మనిషికీ ఉన్న తేడాలో జన్యువుల వంతు సుమారు పావు మాత్రమే. ఒకే ఇంట్లో పెరగడం వల్ల వచ్చే పోలిక దాదాపు ఏమీ లేదు.

మిగిలిన ముప్పావు వంతుకి ఈ లెక్కలు వేసేవాళ్ళు పెట్టిన పేరు చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. 'పంచుకోని పరిసరాలు' అంటారు. ఆ మాట వినగానే ఒక పిల్లకి దొరికి ఇంకో పిల్లకి దొరకనిదేదో ఉందనుకుంటాం: వేరే టీచరు, వేరే స్నేహితురాలు, తల్లి ఒకర్ని కాస్త ఎక్కువ ఎత్తుకోవడం. నిజానికి అది జన్యువులకీ ఇంటికీ అంటగట్టలేకపోయిన సమస్తాన్నీ ఊడ్చి పోసిన గంప. కొలతల్లో దొర్లిన పొరపాట్లు కూడా అందులోనే ఉంటాయి. గంప మీద 'పరిసరాలు' అని చీటీ అంటించినంత మాత్రాన లోపల ఉన్నదంతా బయటి నుంచి వచ్చినట్టు కాదు.

కడుపులో పడుకున్న తీరు, మాయ నుంచి అందిన రక్తం ఇద్దరికీ వేరు కదా అని మీరు అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. ఆ తేడాలు ఉంటాయి, కొన్నిసార్లు ప్రాణాల మీదికి తెచ్చేంత ఉంటాయి. కానీ ముప్పావు వంతు బరువునీ వాటి నెత్తినే పెట్టడానికి నాకు మనసొప్పడం లేదు. ఎందుకో చెప్పాలంటే న్యూరాన్లు, అంటే మెదడులో కబుర్లు మోసే కణాలు, ఎలా ప్రయాణిస్తాయో కాస్త చూడాలి.

తడుముకుంటూ నడిచే కణాలు

ఆ మధ్య ఒక వీడియో చూశాను. చిట్టెలుక పిండం మెదడులోంచి తీసిన పలచటి బిళ్ళలో, మెరిసే రంగు ఎక్కించిన ఒక న్యూరాన్ పైకి పాకుతోంది. గంటల తరబడి తీసినదాన్ని అర నిమిషానికి కుదించారు. ముందు సన్నటి కొస ఒకటి పైకి సాగింది. కాసేపు ఏమీ జరగలేదు. ఉన్నట్టుండి ఆ కొస మొదట్లో చిన్న ఉబ్బు లేచింది. వెనకున్న కేంద్రకం ఒక్క ఊపున ఆ ఉబ్బులోకి జారింది. మళ్ళీ ఆగింది. మెట్టు మెట్టుకీ నిలబడి ఊపిరి తీసుకునే ముసలాయన నడకలా ఉంది. పక్కనే ఇంకోటి అదే దారిలో బయల్దేరి, మధ్యలో ఆగిపోయి, వీడియో అయిపోయే దాకా అక్కడే ఉంది. నాకు గుర్తుండిపోయింది ఆ రెండోదే.

ఈ ప్రయాణానికి ఒక క్రమం ఉంది. మెదడు పైభాగమైన కార్టెక్స్‌లో ఆరు పొరలు. ముందు పుట్టిన న్యూరాన్లు లోపలి పొరల్లో స్థిరపడతాయి. తర్వాత పుట్టినవి వాటిని దాటుకుంటూ వెళ్ళి ఇంకా పైన కూర్చుంటాయి. చిట్టెలుకల్లో ఈ సంగతి 1961లో ఆంజెవైన్, సిడ్‌మన్ చూపించారు. 1972లో పాష్కో రాకిచ్ కోతి పిండాల్లో, ఈ కణాలు నిలువుగా సాగిన మరో రకం కణాల్ని రాటల్లా పట్టుకుని పాకుతున్నాయని గమనించాడు. చాలాకాలం వాటిని ఉత్త రాటలే అనుకున్నారు. 2000 ప్రాంతంలో తెలిసిందేమంటే ఆ రాటలే న్యూరాన్లని కనే తల్లులు కూడా. పిల్లలు తల్లి వీపు పట్టుకునే పైకి పాకుతున్నాయన్నమాట.

జన్యువుల బలాన్ని తక్కువ చేసే ఉద్దేశం నాకు లేదు. 1951లో ఎడిన్‌బరోలో డగ్లస్ ఫాల్కనర్ తూలుతూ నడిచే చిట్టెలుకల గురించి రాశాడు. వాటిలో చెడింది ఒకే ఒక్క జన్యువు. అది 1995లో దొరికింది. అది తయారుచేసే రీలిన్ అనే ప్రోటీన్ లేకపోతే కొత్త న్యూరాన్లు పాతవాటిని దాటి వెళ్ళలేవు. పొరల వరస దాదాపు తలకిందులవుతుంది. ఒక్క మాట చెరిగితే ఇంత తేడా.

అయితే ఆ మాట ఏం చెబుతోందో చూడండి. 'ముందువాళ్ళని దాటుకుని వెళ్ళు' అంటోంది. ఫలానా న్యూరాన్ పక్కన ఫలానా న్యూరానే కూర్చోవాలని ఎక్కడా లేదు. ఉండే వీలూ లేదు. మనిషి మెదడులో న్యూరాన్లు సుమారు 8,600 కోట్లు, జన్యువులు ఇరవై వేల చిల్లర. ఇంత తక్కువ సరంజామాతో రాయగలిగింది నియమాలే. చిరునామాలు రాయడం కుదరదు.

తన చోటికి చేరిన న్యూరాన్ ఆ తర్వాత తీగ చాస్తుంది. తీగ చివర గ్రోత్ కోన్ అనే చిన్న అరచెయ్యి లాంటిది ఉంటుంది. 1890లో రామోన్ ఇ కహాల్ రంగు పూసిన చచ్చిన కణజాలంలో దాన్ని చూసి, ఇది బతికున్నప్పుడు కదులుతూ ఉండాలని ఊహించాడు. 1907లో రాస్ హారిసన్ కప్ప కణజాలాన్ని గాజుపలక మీద పెంచి నిజంగానే తీగ పెరగడం చూశాడు. ఆ అరచేతికి సన్నటి వేళ్ళుంటాయి. అవి అన్ని వైపులకీ చాచుకుంటాయి, ముడుచుకుంటాయి. చీకట్లో స్విచ్చి కోసం గోడ తడుముతున్న చెయ్యిలా ఉంటుంది వరస. దారిలో కొన్ని రసాయనాలు 'ఇటు రా' అంటాయి, కొన్ని 'అటు పో' అంటాయి. 1994లో దొరికిన అలాంటి ఒక ప్రోటీన్‌కి నెట్రిన్ అని పేరు పెట్టారు. సంస్కృతంలో నడిపించేవాడిని 'నేతృ' అంటారు కదా, అందులోంచి తీసుకున్న పేరు. మన నేత అన్నమాట. నేతలు చేసేదే ఇదీ చేస్తుంది: దిక్కు చూపిస్తుంది, అడుగు మాత్రం ఎవరిది వాళ్ళే వేసుకోవాలి.

గ్రోత్ కోన్ ఏ క్షణంలో ఏ వేలు చాస్తుందో, ఆ వేలికి నాలుగు అణువులు తగులుతాయో ఆరు తగులుతాయో, ఇది ముందుగా తేలేది కాదు. మొత్తమ్మీద తీగలు చేరాల్సిన ఊరికి చేరతాయి. ఏ వీధిలో ఏ ఇంటి తలుపు తడతాయన్నది మాత్రం ప్రయాణంలోనే తేలుతుంది. చేరినవాటిలోనూ అన్నీ మిగలవు. నాడీ వ్యవస్థలో చాలా చోట్ల పుట్టిన న్యూరాన్లలో సగం దాకా చచ్చిపోతాయి. చేరిన చోట దొరికే పోషక ప్రోటీన్ కొద్దిగానే ఉంటుంది, దాని కోసం పోటీ. రీటా లెవీ మొంటాల్చినీకి 1986లో నోబెల్ తెచ్చింది అలాంటి ప్రోటీనే.

మూసిన కళ్ళ వెనక

నన్ను పూర్తిగా ఒప్పించింది మాత్రం కంటి కథ. పిల్లికూనకి పుట్టిన కొత్తలో ఒక కన్ను మూసి ఉంచితే, తర్వాత తెరిచినా మెదడు దాన్ని పట్టించుకోదని హ్యూబెల్, వీజెల్ 1963లో చూపించారు. ఇది పెంపకం పక్షానికి పెద్ద అస్త్రం. పుట్టుకతో కంటిలో శుక్లం ఉన్న పిల్లలకి ఆపరేషను ఆలస్యం చేయకూడదనేది ఇందుకే.

కానీ లోకాన్ని చూడకముందే ఆ వ్యవస్థలో బోలెడంత జరిగిపోతోంది. 1988లో గల్లి, మఫే అనే ఇద్దరు ఇంకా పుట్టని ఎలుకల రెటీనాలో, అంటే వెలుగన్నది తగలని కంట్లో, న్యూరాన్లు వాటంతట అవే స్పందిస్తున్నాయని కనుక్కున్నారు. 1991లో తెలిసిందేమంటే ఆ స్పందనలు అలల్లా రెటీనా మీదుగా పాకుతాయి. పక్కపక్కనున్న కణాలు ఒకేసారి మోగుతాయి, దూరంగా ఉన్నవి వేర్వేరు సమయాల్లో. 'మేం ఇరుగుపొరుగు' అని మెదడుకి కబురు పంపడానికి అంతకంటే ఏం కావాలి?

2021లో వచ్చిన ఒక పరిశోధన ఇంకా ముచ్చటైనది. చిట్టెలుక పిల్ల కళ్ళు తెరవడానికి కొద్ది రోజుల ముందు ఈ అలలు ఒక ప్రత్యేకమైన దిక్కుకి తిరుగుతాయి. ఎలుక ముందుకి నడిచేటప్పుడు దాని కళ్ళ ముందు లోకం ఎటు జారిపోతుందో సరిగ్గా ఆ దిక్కుకే. ఇంకా కళ్ళే తెరవని పిల్ల, ఇంకా నడవని నడకలో కనిపించబోయే దృశ్యాన్ని తనకి తానే ప్రదర్శించుకుంటోంది.

దీన్ని ఏ ఖాతాలో రాద్దాం? పరిసరాలు అందామంటే బయటి నుంచి ఏమీ రాలేదు. జన్యువులు అందామంటే, అలలు పుట్టే ఏర్పాటు జన్యువులదే, సందేహం లేదు. కానీ ఏ అల ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో, దాని వల్ల ఏ రెండు కణాలు చేతులు కలిపాయో వాటిలో లేదు. మెదడు తన పని తానే చేసుకుంటూ, ఆ పనితోనే తనని మలుచుకుంటోంది.

నాకు అడ్డం వచ్చిన ఎలుకలు

ఇంత దూరం వచ్చాక నా ఉత్సాహం మీద నీళ్ళు చల్లిన పరిశోధన ఒకటుంది. మంక్18 అనే ప్రోటీన్ లేని చిట్టెలుకల్ని పుట్టించి 2000లో ఫలితాలు ప్రకటించారు. ఆ ప్రోటీన్ లేకపోతే న్యూరాన్ నుంచి న్యూరాన్‌కి ఒక్క కబురు కూడా అందదు. మొత్తం మెదడు మూగది. పిల్లలు పుట్టగానే చనిపోయాయి. కోసి చూస్తే పొరలు సరిగ్గానే ఉన్నాయి, తీగలు చేరాల్సిన చోటికే చేరాయి, న్యూరాన్లు ఒకదానికొకటి కబురు అందించుకునే సినాప్సులు కూడా ఏర్పడ్డాయి. ఒక్క మాటైనా మాట్లాడుకోకుండా మెదడు అంత పనీ ముగించింది!

మరుసటి ఏడాదే ఇంకోటి. చిట్టెలుక పిండం కార్టెక్స్‌లో ముందు కొసన స్రవించే ఎఫ్‌జీఎఫ్8 అనే ప్రోటీన్‌ని ఫుకుచి-షిమొగొరి, గ్రోవ్ వెనక కొసన కూడా పుట్టించారు. మీసాల స్పర్శని పట్టే ప్రాంతానికి నకలు లాంటిది రెండోది తయారైంది, అద్దంలో బింబంలా తిరగేసి. ఒక రసాయనం జల్లితే ఒక పటం!

కొన్ని వారాలు నేను జన్యువుల పక్షానికి ఫిరాయించిన మాట నిజం. తర్వాత మృగాంక సూర్ అనే శాస్త్రవేత్త ఫెర్రెట్ల (ముంగిసల్లాంటి చిన్న జంతువులు) మీద చేసిన ప్రయోగాల గురించి చదివి మళ్ళీ ఊగిసలాడాను. అప్పుడే పుట్టిన ఫెర్రెట్లలో కంటి నుంచి వచ్చే తీగల్ని వినికిడి దారికి మళ్ళిస్తే, వినాల్సిన కార్టెక్స్ చూడ్డం నేర్చుకుంది. గీతల వాలుని పసిగట్టే న్యూరాన్లు, వాటి పటం అక్కడ ఏర్పడ్డాయి. అయితే ఆ పటం అసలు చూపు కార్టెక్స్‌లో ఉన్నంత పొందికగా రాలేదు. రెండు పక్షాల వాళ్ళూ ఈ ఫెర్రెట్లనే సాక్ష్యానికి పిలుచుకోవచ్చు.

ఆఖరికి నేను కుదురుకున్నది ఇక్కడ. మంక్18 ఎలుకలు చెప్పింది ఊరి నక్ష గురించి. ఏ పేట ఎక్కడ, ఏ రహదారి ఎటు అన్నది మాటల్లేకుండానే తయారవుతుంది. నేను వాదిస్తున్నది ఇళ్ళ మధ్య దారుల గురించి. అదీ కాక ఆ మూగ మెదడు నిలబడలేదు. కట్టుకున్న కాసేపటికే న్యూరాన్లు వరసగా రాలిపోయాయి.

తలరాత అనొచ్చా

ఈ సంగతులన్నీ బావకి చెప్పాను. ఓపిగ్గా విని "అంటే తలరాతంటావ్, అంతేగా! దానికింత చదవాలా?" అన్నాడు.

నవ్వొచ్చింది గానీ, ఆ మాట రెండు రోజులు నన్ను వదల్లేదు. ఈ తేడాలు కాకతాళీయం అంటూ నేను చేస్తున్నది తెలియనిదానికి పేరు పెట్టడమేనా? 'పంచుకోని పరిసరాలు' అన్నవాళ్ళని తిట్టి, గంప మీద నేను ఇంకో చీటీ అంటిస్తున్నానా?

అలా కాదనడానికి నా దగ్గరున్న గట్టి ఆధారం ఎక్స్ క్రోమోజోమ్. ఆడ క్షీరదాలకి అవి రెండు ఉంటాయి, ఒకటి తల్లిది, ఒకటి తండ్రిది. పిండం ఇంకా కొద్ది కణాలుగా ఉన్నప్పుడే ప్రతి కణం ఆ రెండిట్లో ఒకదాన్ని మూసేస్తుంది. ఏది మూయాలన్నది బొమ్మా బొరుసూ. ఆ కణానికి పుట్టిన సంతానమంతా అదే ఎంపికకి కట్టుబడి ఉంటుంది. 1961లో మేరీ లయన్ చెప్పిన సంగతి ఇది. నలుపూ నారింజా మచ్చలున్న పిల్లి ఒంటి మీద కంటికి కనిపించేది ఇదే.

ఇప్పుడు మా ఇంటి చిన్నవాళ్ళని చూడండి. తండ్రి ఇచ్చిన ఎక్స్ ఆయనకి వాళ్ళమ్మ నుంచి వచ్చింది. అంటే ఈ పిల్లల మెదడులో ఒక న్యూరాన్ మా అక్క ఎక్స్‌తో నడుస్తుంటే పక్క న్యూరాన్ వాళ్ళ నాయనమ్మ ఎక్స్‌తో నడుస్తోంది. ఏ మచ్చ ఎక్కడన్నది ఇద్దరిలోనూ వేరు. పిన్ని అడిగిన 'ఎవరి పోలిక' అన్న ప్రశ్నకి ప్రతి కణం చీటీ వేసి జవాబు చెప్పుకుంది. చేతివాటం దీని వల్లే తేలిందని నేను అనడం లేదు. మెదడు తయారీలో లాటరీ అనేది నేను కల్పించిన గంప కాదని, పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కిన యంత్రాంగమని మాత్రం అంటున్నాను.

తలరాత అంటే ఎవరో ముందే రాసి ఉంచాలి. ఇక్కడ రాసినవాళ్ళెవరూ లేరు. అందుకే బావతో ఒప్పుకోలేకపోతున్నాను.

ఒక మాట ఒప్పుకోవాలి. ఈ చిన్న తేడాలు చిన్నవిగానే ఉండిపోతాయని కాదు. జర్మనీలో ఒకే జన్యువులున్న 40 చిట్టెలుకల్ని ఒకే పెద్ద ఆవరణలో మూడు నెలలు పెంచారు. 2013లో ఫలితాలు వచ్చాయి. రోజులు గడిచేకొద్దీ కొన్ని మరింత తిరుగుబోతులయ్యాయి, కొన్ని మూల పట్టాయి. ఎక్కువ తిరిగినవాటి హిప్పోక్యాంపస్‌లో (జ్ఞాపకాల పని చూసే మెదడు భాగం) కొత్త న్యూరాన్లు ఎక్కువ పుట్టాయి. మొదట ఉన్న వెంట్రుకవాసి తేడా ఒక ఎలుకని ఒక దారిలోకి నెట్టింది. ఆ దారిలో ఎదురైనవి ఆ తేడాని ఇంకా పెంచాయి. కాబట్టి పరిసరాలు నా కథలో పాత్రధారులే. కాకపోతే ఒకే ఇంట్లో ఉన్నా ఎవరి పరిసరాలు వాళ్ళే ఎంచుకుంటున్నారు. పక్కన పెట్టిన ఆ అయిదుగురు పిల్లలూ నాకు ఇక్కడే గుర్తొస్తారు. ఎడమ వేలు చీకుతూ బయల్దేరి కుడిచేత్తో రాస్తున్నారు. మొదటి మొగ్గే చివరి మాట కాదనడానికి వాళ్ళే సాక్షులు.

ఇదంతా పిన్నికి చెప్పలేదు. చెబితే "ఎవరో ఒకరి పోలిక లేకుండా మనుషులెలా పుడతారు?" అంటుంది. నాలుగు రోజుల తర్వాత ఆవిడే ఫోన్ చేసింది. గొంతులో గెలిచిన ఆనందం. "దొరికాడ్రా! మా తాతయ్యకి పినతండ్రి వరస ఒకాయన ఉండేవాడు. అన్నీ ఎడమచేత్తోనేట. చిన్నది అచ్చం ఆయనే!"

"బాగుంది పిన్నీ. మరి పెద్దదాని కుడిచెయ్యి ఎవరి పోలిక?"

అటువైపు క్షణం నిశ్శబ్దం.

"దానిదేముందిరా, అది అందరి పోలికే!"